పులికాట్ కోసం సౌర పడవ: తిరుపతిలోని ఒక డిజైన్ సేవపై సమీక్ష

సూర్యరశ్మితో నడిచే విద్యుత్ పడవకు అడిగినవారి అవసరాన్ని బట్టి రూపకల్పన చేసి, నమూనా చిత్రాలు, బరువుల లెక్క, కరెంటు లెక్క, సామగ్రి పట్టిక చేతికిచ్చి, పడవ తయారై నీళ్లలో దిగేదాకా పర్యవేక్షించే చిన్న ఇంజనీరింగ్ కార్యాలయం ఒకటి తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపున పనిచేస్తోంది. పులికాట్ సరస్సులో పక్షులను చూడడానికి వెళ్లే మా మిత్రబృందం, తడ దగ్గర ఆ సరస్సు మీదే బతికే ఒక మత్స్యకార కుటుంబంతో కలిసి, ఆరుగురు కూర్చునే పడవ ఒకటి వీరి చేత డిజైన్ చేయించుకుంది. ఆ పడవ ఇప్పుడు నీటి మీద తిరుగుతోంది. కార్యాలయం పేరు ఇక్కడ రాయడం లేదు. వారు చేసిన పనిలో మెచ్చుకోదగినదేమిటో, దిద్దుకోవలసినదేమిటో, ఇలాంటి పడవ కావాలనుకునేవారు ఎవరి దగ్గరికి వెళ్లినా ఏమేమి అడిగి తెలుసుకోవాలో చెప్పడమే నా ఉద్దేశం.

వారి పనితీరులో నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆకట్టుకున్నది వారు వేసిన తొలి ప్రశ్న. పడవ చేయించుకుంటామని వెళ్తే సాధారణంగా ఎంతమంది ఎక్కుతారు, ఎంత ఖర్చు పెట్టగలరు, ఏ ఇంజను కావాలి అని అడుగుతారు. వీరు మాత్రం "సార్, గంటకు ఎన్ని కిలోమీటర్లు పోతే మీకు చాలు?" అని అడిగి, దానికి జవాబు తేలేదాకా కాగితం మీద ఒక్క గీత కూడా గీయలేదు. సౌర పడవ విషయంలో ఇంతకు మించిన ప్రశ్న లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. నీటిలో కదిలే పడవను వెనక్కి లాగే నిరోధం ఇంచుమించు వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. ఆ నిరోధాన్ని దాటుకుంటూ పోవడానికి మోటారు ఇవ్వవలసిన శక్తి వేగం ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. అంటే వేగాన్ని రెట్టింపు చేయాలంటే కరెంటు రెట్టింపు చేస్తే సరిపోదు, ఎనిమిది రెట్లు చేయాలి. దీనికి తోడు, పడవ పొడవును బట్టి ఒక హద్దు ఉంటుంది; ఆ హద్దును సమీపిస్తున్నకొద్దీ పడవ తాను లేపిన అలను తానే ఎక్కడానికి పెనుగులాడవలసి వస్తుంది, అక్కడి నుంచి ఎంత శక్తి పోసినా వేగం పెద్దగా పెరగదు. నీటిమట్టం దగ్గర 7 మీటర్ల పొడవున్న మా పడవకు ఆ హద్దు గంటకు సుమారు 12 కిలోమీటర్లు.

మేము గంటకు 7 కిలోమీటర్లు చాలునన్నాము. పక్షులను చూడడానికి అంతకు మించిన వేగం అక్కరలేదు. ఆ ఒక్క మాట మీదనే మిగతా డిజైన్ అంతా నిలబడింది. గాలి లేని వేళ, నిండా మనుషులున్నప్పుడు, ఈ పడవ గంటకు 7 కిలోమీటర్ల వేగంతో పోవడానికి బ్యాటరీ నుంచి దాదాపు 700 వాట్లు తీసుకుంటుంది. ఇంట్లో వాడే మిక్సీ కూడా అంతే తీసుకుంటుంది. అదే పడవను 10 కిలోమీటర్ల వేగంతో నడిపితే 2,400 వాట్ల దాకా కావాలి. బ్యాటరీలో వాడుకోదగిన నిల్వ 8 యూనిట్లు కనుక, ఎండ ఏమాత్రం లేకపోయినా నెమ్మదిగా వెళ్తే పదకొండు గంటలకు పైగా, అంటే 80 కిలోమీటర్ల దాకా తిరగవచ్చు; తొందరపడితే మూడున్నర గంటలలోపే, అంటే 33 కిలోమీటర్లకే నిల్వ అయిపోతుంది. డిజైన్ కాగితాలలో ఈ రెండు వేగాలకే కాక గంటకు 4 కిలోమీటర్ల నుంచి 11 కిలోమీటర్ల దాకా ప్రతి వేగానికీ ఎంత కరెంటు పడుతుందో ఒక గీతపటం గీసి ఇచ్చారు. పడవ నీళ్లలో దిగాక మోటారు దగ్గరున్న మీటరు చూస్తూ పోల్చుకుంటే, మేము నడిపే వేగాల దగ్గర వాళ్ల అంచనా చాలా దగ్గరగా ఉంది. పై వేగాల దగ్గర మాత్రం అంచనా కంటె ఎక్కువే ఖర్చవుతోంది, అయితే ఆ వేగాలతో మాకు పని లేదు.

నెమ్మదితనాన్ని నమ్ముకుని విద్యుత్ పడవ చేయడం కొత్త సంగతేమీ కాదు. స్వామి వివేకానందుడు ప్రసంగించిన సర్వమత మహాసభ జరిగిన 1893 నాటి చికాగో ప్రపంచ ప్రదర్శనలో, అక్కడి కాలువల మీద సందర్శకులను తిప్పినవి బ్యాటరీలతో నడిచిన పడవలే. పెట్రోలు ఇంజన్లు వచ్చాక వేగానికి అలవాటుపడి వాటిని పక్కన పెట్టారు. 31 మీటర్ల పొడవు, 537 చదరపు మీటర్ల సౌర ప్యానెళ్లు గల ట్యూరానోర్ ప్లానెట్‌సోలార్ అనే నౌక 2010 సెప్టెంబరులో మొనాకో నుంచి బయలుదేరి, చుక్క ఇంధనం వాడకుండా భూగోళాన్ని చుట్టి, 2012 మేలో తిరిగి అక్కడికే చేరింది. మనకు దగ్గరి ఉదాహరణ కేరళలోని ‘ఆదిత్య’. 75 మందిని ఎక్కించుకునే ఈ 20 మీటర్ల ఫెర్రీ 2017 జనవరిలో వైకోం, తవణక్కడవు మధ్య మొదలైంది. దాని పైకప్పు మీద 20 కిలోవాట్ల ప్యానెళ్లున్నాయి. రెండు సన్నని పొట్టలను, అంటే నీటిలో తేలే అడుగు భాగాలను, పక్కపక్కన పెట్టి పైన వేదిక కట్టిన ఆ జంట పొట్టల పద్ధతినే మా పడవకూ వీరు ఎంచుకున్నారు. మొదట్లో నాకు ఆ ఎంపిక అంతగా నచ్చలేదు.

ఎందుకు నచ్చలేదో చెప్పాలంటే పులికాట్ స్వభావం చెప్పాలి. చిలికా తర్వాత మన దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. అధిక భాగం మన రాష్ట్రంలోనే ఉంది, శ్రీహరికోట దీనికీ సముద్రానికీ నడుమ ఉంది. పేరుకు మహా సరస్సే గాని లోతు సగటున ఒక మీటరు అటూ ఇటూ మాత్రమే, చాలాచోట్ల మనిషి మోకాలి లోతు కూడా ఉండదు. అందుకే అక్కడి పాతకాలపు పడవలు బల్లపరుపు అడుగుతో ఉంటాయి, గెడ వేసి తోసుకుపోతారు. అడుగు వెడల్పుగా ఉండే ఒంటి పొట్ట పడవ అయితే మాకు కావలసిన బరువుకు పావు మీటరు లోతులో తేలుతుంది. జంట పొట్టలు సన్నగా ఉంటాయి కనుక అదే బరువుకు 35 సెంటీమీటర్ల దాకా మునుగుతాయి. లోతు తక్కువున్న సరస్సులో ఆ 10 సెంటీమీటర్లు కొట్టిపారేయదగినవి కావు. పైగా నీటిని తాకే ఉపరితలం కూడా జంట పొట్టలకే ఎక్కువ, నెమ్మది వేగంలో నిరోధం చాలావరకు ఆ రాపిడి నుంచే పుడుతుంది.

ఈ అభ్యంతరాలను వారు కొట్టివేయకుండా రెండు రకాల పడవలకూ వేర్వేరుగా లెక్కలు చేసి ముందు పెట్టారు, నిర్ణయం మాకే వదిలారు. ఒంటి పొట్టకు కరెంటు ఖర్చు కొంచెం తక్కువే. అయితే నాలుగు ప్యానెళ్లు, వాటి చట్రం కలిపి 170 కిలోల బరువు మనిషి తలకంటె ఎత్తులో ఉంటుంది. ఒక పక్కన గూడబాతుల గుంపు కనబడగానే పడవలోని ఆరుగురూ అటే జరుగుతారు. పక్షులను చూడడానికి వెళ్లేవారు తప్పకుండా చేసే పని అది. అలాంటప్పుడు ఒంటి పొట్ట పడవ ఎంత ఒరుగుతుందో, జంట పొట్టల పడవ ఎంత ఒరుగుతుందో అంకెలతో చూపించారు. పిల్లలు, పెద్దవయసువారు ఎక్కే పడవ కనుక జంట పొట్టలకే ఒప్పుకున్నాము, నడిచాక చూస్తే అదే సరైన నిర్ణయమని మా అందరికీ అనిపించింది. మా జట్టులోని మత్స్యకారుడు పడవ అంచున నిలబడి బరువు వేసి చూసి, "ఇది పక్కకు వాలదు సామీ, కాని తూర్పు మేటల్లోకి పోనీయదు" అన్నాడు. ఆ రెండు మాటలూ నిజమే.

లోతు తక్కువైన నీటిలో మరో చిక్కు ఉంది, దాన్ని ఈ కార్యాలయం ముందే గుర్తించి రాతపూర్వకంగా హెచ్చరించడం వారి శ్రద్ధకు నిదర్శనం. నీటి లోతును బట్టి అల పరిగెత్తే వేగానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. ఒక మీటరు లోతులో అది గంటకు 11 కిలోమీటర్లు, అర మీటరు లోతులో దాదాపు 8 కిలోమీటర్లు. పడవ వేగం ఆ పరిమితిని సమీపిస్తే నిరోధం ఒక్కసారిగా పెరిగి, వెనుక భాగం కిందికి కుంగుతుంది. కాబట్టి అర మీటరు లోతున్న చోట మా మామూలు వేగం కూడా ఎక్కువే. అక్కడ గంటకు 5 కిలోమీటర్లకు మించకూడదని నడిపేవారికిచ్చిన పుస్తకంలో రాశారు. ఇంజను పడవలు నడిపి అలవాటైనవారు నీరు పలచనైన చోట బలం చాలడం లేదని ఇంకాస్త ఇంధనం పోస్తారు. ఈ పడవలో అలా చేస్తే నిల్వ కరగడం, అడుగు బురదకు తగలడం రెండూ జరుగుతాయి.

ఇక ప్యానెళ్ల సంగతి. పైకప్పు మీద 540 వాట్ల ప్యానెళ్లు నాలుగు అడ్డంగా పరిచారు, ఒక్కొక్కటి 2.28 మీటర్ల పొడవు, 1.13 మీటర్ల వెడల్పు. అవే కప్పుగా, అవే నీడగా ఉపయోగపడుతున్నాయి. పడవ వెడల్పు 2.4 మీటర్లే ఉండడం వల్ల ప్యానెల్ పొడవు దానికి సరిగ్గా సరిపోయింది. తయారుచేసిన షెడ్డు నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట, సూళ్లూరుపేట మీదుగా ట్రాలీ మీద తీసుకుపోవడానికీ ఇబ్బంది కలగలేదు. ఇంటి మీద పెట్టినట్టు దక్షిణానికి వాలుగా పెట్టలేదేమని కొందరు అడుగుతున్నారు. పడవ గడియకొక దిక్కుకు తిరుగుతుంది కనుక వాలు ఒక దిక్కున లాభమైతే మరో దిక్కున నష్టం. అదీకాక మన ప్రాంతం భూమధ్యరేఖకు 13.6 డిగ్రీల ఉత్తరాననే ఉండడం వల్ల బల్లపరుపుగా పరిచినా నష్టం చాలా కొద్ది. రేణిగుంట ఎండకు ప్యానెళ్లు దండిగా పనిచేస్తాయనుకోవడం కూడా పొరపాటే. ప్యానెల్ మీద రాసిన వాట్లు దాని లోపలి పలక 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పటివి. ఆపైన ప్రతి డిగ్రీకీ సుమారు 0.35 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం పలక 65 డిగ్రీలకు చేరితే 14 శాతం పోయినట్టే. పడవ మీద ప్యానెల్ అడుగున గాలి ఆడుతుంది కనుక మేడ మీద కంటె కొంత నయం.

నాలుగు ప్యానెళ్లనూ ఒకే తీగకు కలపకుండా ముందు రెండూ, వెనుక రెండూ విడదీసి, ఒక్కో జతకు ఒక్కో ఎంపీపీటీ ఛార్జ్ కంట్రోలర్ (ప్యానెళ్ల నుంచి వీలైనంత ఎక్కువ కరెంటు రాబట్టి బ్యాటరీకి పంపే పరికరం) పెట్టడం మంచి ఆలోచన. సీరీస్‌గా కలిపిన ప్యానెళ్లలో ఒకదాని మీద చిన్న నీడ పడినా మొత్తం వరుస ఉత్పత్తి దెబ్బతింటుంది. కొంగలు, నీటికాకులు వాలే పైకప్పు ఇది. వాటి రెట్టలు కూడా నీడ కిందే లెక్క. వారానికొకసారి మంచినీళ్లతో కడగాలని పుస్తకంలో రాశారు గాని, పైకప్పు మధ్యదాకా చేయి చాపి కడగడానికి నిలబడే చోటు డిజైన్‌లో చూపలేదు. ఇది చిన్న లోపమే అయినా ప్రతి వారం ఎదురయ్యే లోపం.

అన్నిటికంటె పెద్ద లోపం నా దృష్టిలో వారు తొలుత ఇచ్చిన కరెంటు లెక్కలోనే ఉంది. 2,160 వాట్ల ప్యానెళ్ల నుంచి రోజుకు సగటున ఎనిమిదిన్నర యూనిట్లు వస్తాయని చూపి, దాన్ని బట్టి రోజంతా ఎండతోనే నడపవచ్చని రాశారు. ఏడాది మొత్తానికి సగటు తీస్తే ఆ లెక్క సరైనదే. కాని పులికాట్‌కు రాజహంసలు వచ్చేది అక్టోబరు తర్వాత. మన తిరుపతి, నెల్లూరు ప్రాంతాలకు ఈశాన్య రుతుపవనాల వానలు వచ్చేదీ అప్పుడే. నవంబరులో ముసురు పట్టిందంటే రోజుల తరబడి సూర్యుడు కనబడడు. ఎండ దండిగా కాసే ఏప్రిల్, మే నెలల్లో సరస్సులో చాలాచోట్ల నీరే ఉండదు, చూడడానికి వలసపక్షులూ పెద్దగా ఉండవు. పడవ ఏ నెలల్లో తిరుగుతుందో ఆ నెలల ఎండతో లెక్క కట్టాలి గాని ఏడాది సగటుతో కాదు. ఈ మాట మేము అడిగాక వారు ఏ సంకోచమూ లేకుండా ఒప్పుకుని, నవంబరు, డిసెంబరు నెలలను ఆధారం చేసుకుని పట్టిక మళ్లీ తయారుచేశారు. బ్యాటరీ నిల్వను అంతకు ముందు అనుకున్న 5 యూనిట్ల నుంచి రెట్టింపు చేశారు. దిద్దుబాటు బాగుంది. అయినా అడగనివారికి ఏడాది సగటు లెక్కే అంది ఉండేది కదా అన్నది నా ఫిర్యాదు.

గాలి లెక్క మాత్రం మొదటి నుంచీ నిక్కచ్చిగా ఉంది. ఇంత పైకప్పున్న తేలిక పడవకు గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే కరెంటు ఖర్చు సగానికి పైగా పెరుగుతుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తూర్పు నుంచి వీస్తుంది. మా రేవు పడమటి ఒడ్డున ఉంది కనుక, గాలి లేని పొద్దున తూర్పుగా వెళ్లి, సాయంత్రం గాలివాటున తిరిగి రావాలని వేళలు సూచించారు. తరతరాలుగా తెరచాపలు ఎత్తినవారికి ఇది తెలిసిన విద్యే. డిజైన్ చేసేవారు దాన్ని లెక్కలోకి తీసుకోవడం సంతోషం కలిగించింది.

బ్యాటరీల తయారీకి పేరున్న కరకంబాడి పక్కనే ఉన్న ఊరివాళ్లం కనుక, ఇన్వర్టర్లకు వాడే మామూలు సీసం బ్యాటరీలు చాలవా అని మాలో చాలామంది అడిగారు. వాటి నిల్వలో సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది. మాకు కావలసిన 8 యూనిట్లు దొరకాలంటే 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ నిల్వకు కొలత) బ్యాటరీలు కనీసం తొమ్మిది కావాలి, వాటి బరువు 400 కిలోలు దాటుతుంది. అంటే ఆరుగురు మనుషులంత బరువు. వీరు సూచించిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 51.2 వోల్టులు, 200 ఏహెచ్, మొత్తం 10.24 యూనిట్ల నిల్వ. బరువు 100 కిలోలకు కాస్త అటూ ఇటూ. ధర ఎక్కువే. అయితే బరువు తగ్గితే మునక తగ్గుతుంది, మునక తగ్గితే కరెంటు ఖర్చు తగ్గుతుంది. పులికాట్‌లో ఇది వాదించవలసిన విషయం కాదు. లిథియం రకాలలో ఈ రసాయనం వేడికి తట్టుకోవడంలో నమ్మదగినది. బ్యాటరీని రెండుగా విడదీసి, ఒక్కో పొట్టలో నీటిమట్టానికి కింద, నీటి చల్లదనం తగిలే చోట అమర్చారు. రాత్రి ఒడ్డున మామూలు ప్లగ్గుకు పెడితే తెల్లవారేసరికి నిండిపోయేలా 1.5 కిలోవాట్ల ఛార్జరు కూడా ఇచ్చారు. ముసురు రోజుల్లో అదే దిక్కు.

ఉప్పునీటి సంగతి తెలిసినవారే ఈ డిజైన్ చేశారనడానికి తీగలు చూస్తే చాలు. తగరం పూత ఉన్న రాగి తీగలు, నీరు చొరని కనెక్టర్లు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, ప్యానెళ్ల అల్యూమినియం చట్రానికీ స్టీలు కమ్మీలకూ నడుమ రబ్బరు ముక్కలు సామగ్రి పట్టికలోనే రాసి ఉన్నాయి. ఆ రబ్బరు లేకపోతే ఉప్పుగాలికి రెండు లోహాలు కలిసిన చోట అల్యూమినియం తినుకుపోతుంది. ఒక మాట మాత్రం కొనేవారు గుర్తుంచుకోవాలి: బ్యాటరీ వైపు ఉన్నది 51 వోల్టులే అయినా, రెండేసి ప్యానెళ్లు కలిపిన తీగల్లో ఎండలో 100 వోల్టుల దాకా డీసీ ఉంటుంది. స్విచ్ ఆపేసినా ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్ దగ్గర అది పోదు. తడి చేతులతో పైకప్పు తీగలు ముట్టుకోకూడదన్న హెచ్చరిక బోర్డు ఇంగ్లీషులోనే అతికించారు. మేము తెలుగులో రాయించి మార్చుకున్నాము. నడిపేవారి పుస్తకం కూడా అంతా ఇంగ్లీషే. పడవ నడిపేది తడ మత్స్యకారుడైనప్పుడు పుస్తకం తెలుగులో ఉండడం సేవలో భాగమే కావాలి గాని, అడిగితే చేసే అదనపు పని కాకూడదు.

నిశ్శబ్దం గురించి విడిగా చెప్పాలి, మేము ఈ పడవ కోరుకున్నదే దాని కోసం. తిరుమల పుష్కరిణిలో తెప్పోత్సవం చూసినవారికి ఆ తెప్ప నీటి మీద ఎలా సాగుతుందో తెలుసు. మా పడవ నడక దాదాపు అలా ఉండాలని మేము కోరాము. విద్యుత్ పడవ అన్నంత మాత్రాన చప్పుడు లేకుండా పోదు. ఇంజను మోత ఆగిపోగానే అంతవరకూ వినబడని చప్పుళ్లన్నీ వినబడతాయి. మోటారు కంట్రోలర్ నుంచి వచ్చే సన్నని కీచుమోత, గేర్ల రొద, ప్యానెళ్ల చట్రం అదరడం, రెండు పొట్టల నడుమ వేదిక అడుగుకు అల తగిలి పుట్టే చప్పుడు, అన్నీ ఉంటాయి. వీరు గేర్లు లేకుండా నేరుగా తిరిగే మోటారును, నిమిషానికి 600 సార్లు మాత్రమే తిరిగే పెద్ద రెండు రెక్కల ప్రొపెల్లర్‌ను ఎంచుకున్నారు. వేగంగా తిరిగే చిన్న ప్రొపెల్లర్ కంటె నెమ్మదిగా తిరిగే పెద్ద ప్రొపెల్లర్ తక్కువ శక్తితో ఎక్కువ నీటిని తోస్తుంది, చప్పుడూ తక్కువ. చట్రం అదురు తొలి ప్రయాణంలో వినబడింది. మేము చెప్పగానే వచ్చి బిగింపుల కింద రబ్బరు దిండ్లు వేసి సరిచేశారు. వేదిక అడుగు చప్పుడు మాత్రం గాలి లేచిన వేళ ఇప్పటికీ ఉంది. వేదికను ఇంకో చేయి ఎత్తున కట్టి ఉంటే తగ్గేదేమో గాని, అప్పుడు గాలి తాకిడి పెరిగేది; ఇక్కడ వారి నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. మామూలు వేగంలో పడవలో ఉన్నవారు గొంతు పెంచకుండా మాట్లాడుకోవచ్చు, ఇంజను పడవ అల్లంత దూరాన ఉండగానే లేచిపోయే పక్షులు ఈ పడవకు అంత తొందరగా లేవడం లేదు.

పెద్ద ప్రొపెల్లర్‌కు లోతు కావాలి, పులికాట్‌లో అది లేదు. అందుకని మోటారును రెండు పొట్టల నడుమ పైకి లేపుకునేలా అమర్చారు. ఆలోచన సరైనదే గాని అమరిక సరిగా లేదు. లేపే పిడి వెనుక ఉంది, చుక్కాని ముందు ఉంది. నడిపేవాడు బురద తగిలిందని గ్రహించి, చుక్కాని వదిలి, ప్రయాణికుల మధ్యగా వెనక్కి వెళ్లి, పిడి లాగేసరికి పడవ మేటలోకి దూరి ఉంటుంది. నాచు, పాత వలల పోగులు రెక్కలకు చుట్టుకున్నప్పుడూ ఇదే ఇబ్బంది. ఇద్దరు మనుషులుంటే గాని ఈ పడవను మేటల దగ్గర నడపలేము. చుక్కాని దగ్గరి నుంచే తాడుతో లేపేలా మార్చి గీస్తామని చెప్పారు. ఆ చిత్రం ఇంకా రాలేదు.

అనుమతుల విషయంలో వారి సాయం సగమే. ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం, 2021 ప్రకారం మోటారుతో నడిచే పడవకు రిజిస్ట్రేషను, తనిఖీ తప్పనిసరి; మోటారు విద్యుత్‌దైనంత మాత్రాన మినహాయింపు లేదు. ఒరుగుడు లెక్కలు, బరువుల పట్టిక, లైఫ్ జాకెట్లు, మంటలార్పే సామగ్రి ఉండే చోట్లు అన్నీ తనిఖీ అధికారి అడిగే తీరులోనే సిద్ధం చేసి ఇచ్చారు, అది పెద్ద మేలు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి జరిగిన ఘోరం తర్వాత మన రాష్ట్రంలో పడవ ఎక్కించుకునే ఎవరూ ఈ కాగితాలను తేలికగా తీసుకోకూడదు. ఎక్కేవారి సంఖ్య ఆరుకు మించకూడదని పడవ పక్కన పెద్ద అక్షరాలతో రాయించమని వారే పట్టుబట్టారు. అయితే పులికాట్ పక్షుల అభయారణ్యం కనుక అటవీశాఖ అనుమతి వేరుగా తీసుకోవాలన్న సంగతి వారి పత్రాల్లో ఎక్కడా లేదు. ఆ పని మేమే తిరిగి చేసుకున్నాము.

డిజైన్ రుసుము పడవ మొత్తం ఖర్చులో పదో వంతుకు కొంచెం తక్కువైంది. లెక్కలు చేసి చూపే ఓపికకు, అడిగినదానికి దాపరికం లేకుండా జవాబిచ్చే పద్ధతికి అది న్యాయమైన ధర అని నా అభిప్రాయం. చెరువులో, జలాశయంలో, సరస్సులో గంటకు 7, 8 కిలోమీటర్లతో తృప్తిపడేవారికి ఈ కార్యాలయాన్ని సంతోషంగా సిఫార్సు చేస్తాను. సందర్శకులను తొందరగా ఒడ్డు చేర్చి మళ్లీ ఎక్కించుకోవాలనుకునేవారు వీరి దగ్గరికి వెళ్లడం వల్ల ప్రయోజనం లేదు, వారే ఆ మాట చెప్పి పంపిస్తారు. ఒప్పందం రాసుకునేటప్పుడు మూడు సంగతులు ముందే కాగితం మీద పెట్టించుకోండి: కరెంటు లెక్క మీరు పడవ నడిపే నెలల ఎండతో చేయాలి, నడిపేవారి పుస్తకం తెలుగులో ఇవ్వాలి, మోటారు లేపే పిడి చుక్కాని పట్టుకున్న చేతికి అందేలా గీసిన చిత్రం చివరి వాయిదా కట్టేలోగా మీ చేతికి రావాలి.